సరస్సు అడుగున ఒక రోజు నడక



ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్‌లో దిగే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. చదువుకోడానికి వెళ్లేవాళ్లు, ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, పిల్లల దగ్గర రెండు నెలలు ఉండి రావడానికి వెళ్లే అమ్మానాన్నలు. తాము కాలు పెట్టింది ఒక సరస్సు అడుగున అని వాళ్లలో ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. హార్లెమ్మర్‌మేర్ అనే ఆ సరస్సులో 19వ శతాబ్దం సగం దాకా పడవలు తిరిగేవి. 1849 నుంచి 1852 దాకా ఆవిరి పంపులు పెట్టి నీళ్లన్నీ తోడేశారు. ఈనాటి రన్‌వేలు సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా కిందుగా ఉన్నాయి. కానీ విమానాశ్రయంలో నిలబడితే ఆ సంగతి కంటికి ఆనదు. కాంక్రీటు అంతటినీ ఒకటి చేసేసింది.

కంటికి ఆనాలంటే ఉత్తరానికి వెళ్లాలి. ఆమ్‌స్టర్‌డామ్‌కు పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో బేమ్‌స్టర్ అనే పోల్డర్ ఉంది. చుట్టూ కరకట్ట కట్టి, లోపలి నీళ్లు తోడేసి, మళ్లీ చేరకుండా తోడుతూనే ఉండే నేలను డచ్చివాళ్లు పోల్డర్ అంటారు. ఈ పోల్డర్‌ను పడమటి నుంచి తూర్పుకు అడ్డంగా దాటుతూ ఒక రోజు నడక సాగించవచ్చు. మొదలు డి రైప్ అనే చిన్న ఊళ్లో, ముగింపు చీజుకు పేరుపడ్డ ఏడమ్‌లో. దూరం కాస్త అటూ ఇటూగా ఇరవై కిలోమీటర్లు. వినడానికి ఎక్కువే గానీ, దారిలో ఎక్కడం అంటూ ఉంటే అది కరకట్ట ఎక్కడమే. అరవై దాటినవాళ్లు కూడా మధ్యలో రెండుచోట్ల కూర్చుని సాయంత్రానికి హాయిగా చేరతారు. అక్కడ నడిచేవాళ్లను సతాయించేది ఎత్తుపల్లాలు కాదు, గాలి. అది ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. అందుకే డి రైప్‌లో బయల్దేరి ఏడమ్ వైపు నడవాలి, అప్పుడు గాలి వీపును తోస్తుంది. తిరగేసి నడిస్తే రోజంతా మొహాన కొడుతుంది.

డి రైప్ ఒకప్పుడు దాదాపు ద్వీపం. తూర్పున బేమ్‌స్టర్ సరస్సు, పడమట స్కెర్మర్ సరస్సు, మధ్యలో ఈ కాస్త నేల. 17వ శతాబ్దంలో ఇక్కడి జనం హెర్రింగ్ చేపల వేటతో డబ్బు గడించారు, తర్వాత తిమింగలాల వేటకు ఉత్తర సముద్రాల దాకా వెళ్లారు. ఊరు మధ్యలో కాలువ, దాని ఒడ్డున మెట్లమెట్లుగా ఇటుకతో కట్టిన గోడ శిఖరం ఉన్న చిన్న భవనం. అది 1630లో కట్టిన పురపాలక భవనం. పైన సభ, కింద సరుకు కాటా వేసే గది. 1654లో పెద్ద అగ్నిప్రమాదం ఊరిని చాలావరకు మింగేసినా ఈ భవనం దక్కింది. దాని నమూనా గీసినవాడు ఆ ఊరివాడే, యాన్ ఆడ్రియాన్‌జోన్ లేగ్‌వాటర్.

లేగ్‌వాటర్ (1575–1650) గాలిమరలు కట్టే వడ్రంగి. గడియారాలు చేశాడు, గంటలు బిగించాడు, నీటి అడుగున మనిషి కూర్చోగల ఏర్పాటు ఒకటి తయారుచేసి 1605లో రాకుమారుడు మౌరిట్స్ ఎదుట ప్రదర్శించాడు. బేమ్‌స్టర్ సరస్సును ఎండగట్టిన ఘనత డచ్చి బడిపిల్లలు అతనికే ఇచ్చేస్తారు. అది కొంచెం ఎక్కువే. సర్వేయర్లు, గట్టు కట్టిన కూలీలు, పెట్టుబడి పెట్టిన వ్యాపారులు, అందరూ కలిస్తే అయిన పని అది. అయితే గాలిమరల సంగతి మటుకు అతని చేతి కిందే సాగింది.

ఇక ఊరు దాటి కరకట్ట ఎక్కాలి. ఈ నడక మొత్తంలో ఒక్క చోటే నిలబడి చూడాలంటే అది ఇదే. నడిచేవారికి ఎడమ పక్కా కుడి పక్కా ఒకే ఎత్తులో ఉండవు. ఒక వైపు వలయంలా పోల్డర్‌ను చుట్టివచ్చే కాలువ, దాదాపు ఒడ్డు దాకా నిండిన నీళ్లు, వాటి మీద ఒక బాతుల గుంపు. రెండో వైపు చూస్తే కిందెక్కడో పొలాలు, ఆవులు, ఇళ్ల కప్పులు. కాలువలో పడవ పోతుంటే, పొలంలో నిలబడ్డ రైతుకు అది తన తలకన్నా ఎత్తులో పోతున్నట్టు కనిపిస్తుంది. పోల్డర్ అంతా ఒక అంచున్న కంచంలా ఉంటుంది. ఈ అంచు పొడవు సుమారు 42 కిలోమీటర్లు. లోపలి నేల సముద్రమట్టానికి దాదాపు మూడున్నర మీటర్లు కింద.

పని ఎలా జరిగిందంటే, ముందు సరస్సు చుట్టూ కాలువ తవ్వారు. తవ్విన మట్టితో లోపలి వైపు గట్టు పోశారు. తర్వాత గట్టు మీద గాలిమరలు నిలబెట్టారు. రెక్కలు తిరిగితే కింద గరిటెల చక్రం తిరుగుతుంది, అది నీళ్లను ఎత్తి పైకి పోస్తుంది. ఒక మర నీళ్లను మీటరో మీటరున్నరో మాత్రమే ఎత్తగలదు. సరస్సు అంతకన్నా లోతు. కాబట్టి మరలను మెట్లవారీగా పెట్టారు. కింది మర ఎత్తిపోసిన నీటిని దాని పైది అందుకుంటుంది, అది ఇంకొక మెట్టు పైకి పంపుతుంది, చివరిది వలయ కాలువలో పోస్తుంది. అక్కడి నుంచి తూముల గుండా సముద్రానికి. 1607లో అనుమతి దొరికింది. 1610లో తుఫాను వచ్చి సముద్రపు గట్టు తెగి, చాలావరకు ఎండిన సరస్సు మళ్లీ నిండిపోయింది. గట్టు ఎత్తు పెంచి, మరల సంఖ్య 40కి పైగా పెంచి మళ్లీ మొదలుపెట్టారు. 1612లో నేల బయటపడింది. 7,000 హెక్టార్లకు పైచిలుకు, అంటే దాదాపు 18,000 ఎకరాలు.

ఇంత డబ్బు ఎక్కడిది? ఇక్కడే మన కోస్తా పేరు కూడా వస్తుంది. బేమ్‌స్టర్ పెట్టుబడిదారుల్లో ముందువరుసలో నిలిచినవాడు డిర్క్ వాన్ ఓస్ అనే ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ స్థాపకుల్లో ఒకడు కూడా అతనే. 1602 ఆగస్టులో ఆ కంపెనీ వాటాలకు జనం డబ్బు కట్టి పేర్లు రాయించుకున్నది ఆమ్‌స్టర్‌డామ్‌లోని అతని ఇంట్లోనే. ఆ కంపెనీ ఓడ మూడేళ్లలో మచిలీపట్నం చేరింది. 1606 నాటికి అక్కడా, నిజాంపట్నంలోనూ డచ్చివాళ్ల వర్తక స్థావరాలు వెలిశాయి. కోరమాండల్ తీరంలో నేసిన బట్టలు కొనడం, వాటిని తూర్పు దీవుల్లో లవంగాలకూ జాజికాయకూ మారకం వేయడం, ఇదీ వ్యాపారం. భీమునిపట్నంలో ఇప్పటికీ ఉన్న డచ్చివాళ్ల సమాధులు ఆ వర్తకం ఎంత కాలం సాగిందో చెబుతాయి. ఓడల్లో డబ్బు పెట్టిన చేతులే సరస్సులోనూ పెట్టాయి. పద్ధతి కూడా అదే. నలుగురూ వాటాలు వేసుకోవడం, నష్టం వస్తే పంచుకోవడం, లాభం వస్తే వాటా ప్రకారం తీసుకోవడం. ఓడ మునిగితే అంతా పోతుంది, సరస్సు ఎండితే నేల మిగులుతుంది గదా అన్నది వాళ్ల లెక్క. 1612 వేసవిలో పెట్టుబడిదారులకు ఆ నేలను చీట్లు తీసి పంచారు.

పంచడానికి ముందే గీతలు గీశారు. గట్టు దిగి పోల్డర్‌లోకి అడుగుపెట్టగానే ఆ గీతలే నడిచేవారి దారి అవుతాయి. డి రైప్ నుంచి పోల్డర్ నడుమనున్న మిడెన్‌బేమ్‌స్టర్ ఊరికి పోయే రైపర్‌వెగ్ రోడ్డు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. అటూ ఇటూ వరుసగా చెట్లు, చెట్ల పక్కన మురుగు కాలువ, దాని అవతల పొలం. ఒక్కో కమతం సుమారు 180 మీటర్ల వెడల్పు, 900 మీటర్ల పొడవు. అలాంటివి ఐదు పక్కపక్కన పెడితే ఒక చతురస్రం. నాలుగు చతురస్రాలు కలిస్తే ఇంకో పెద్ద చతురస్రం. లోకం అంతా అలా లంబకోణాల్లో ఉండాలన్నది ఆ కాలపు పండితుల ముచ్చట. సరస్సు అడుగున పాత ఊరు లేదు, పాత గట్టు తగాదా లేదు, కాబట్టి ఆ ముచ్చట నూటికి నూరుపాళ్లు తీరింది. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ఈ గీతలూ ఒక కారణం.

నిజం చెప్పాలంటే, మొదటి గంట తర్వాత ఈ తిన్నదనం కొందరికి విసుగు పుట్టిస్తుంది. మిడెన్‌బేమ్‌స్టర్ చర్చి గోపురం కనిపిస్తూనే ఉంటుంది, దగ్గర పడదు. అలాంటప్పుడు చూపును దూరం నుంచి దగ్గరికి తిప్పుకోవాలి. రోడ్డు పక్కన రైతు ఇంటి ముందు చిన్న చెక్క అర ఉంటుంది. అందులో కోడిగుడ్ల అట్టలు, బంగాళాదుంపల సంచులు, ఒక్కోసారి పూల కట్టలు. ధర సుద్దముక్కతో రాసి ఉంటుంది. పక్కన డబ్బులు వేసే డబ్బా. అమ్మే మనిషి ఉండడు. కొన్నవాళ్లే లెక్క చూసుకుని వేసి పోతారు.

ఇళ్లనూ చూడాలి. ఈ ప్రాంతపు రైతుల ఇంటిని స్టోల్ప్ అంటారు. చతురస్రపు గోడల మీద నాలుగు పక్కలా ఏటవాలుగా పైకి వెళ్లి ఒక కొనలో కలిసే ఎత్తైన కప్పు. దూరానికి పిరమిడ్ అనిపిస్తుంది. కప్పు అంత ఎత్తుగా ఉండటానికి కారణం లోపలి గడ్డివామి. ఇంటి నడిమధ్య నాలుగు పెద్ద స్తంభాల మధ్య ఎండుగడ్డి నిలవ, దాని చుట్టూ ఒక పక్క మనుషుల గదులు, ఒక పక్క పశువుల కొట్టం. చలికాలమంతా పశువుల ఒంటి వేడీ, గడ్డి పొరా కలిసి ఇంటిని కాచేవి. 1682 నాటి ‘డి ఏన్‌హోర్న్’ అనే ఇల్లు మిడెన్‌వెగ్ రోడ్డు మీద ఇంకా నిలిచి ఉంది. ముందు గోడ మీది చెక్కడాలు, తీర్చిదిద్దిన ఇటుక పని చూస్తే, ఇది రైతు ఇల్లా వర్తకుడి ఇల్లా అన్న అనుమానం వస్తుంది.

మొదట్లో ఇక్కడ ధాన్యం పండిద్దామనుకున్నారు. కానీ నేల చెమ్మగిల్లడం మానలేదు. దాంతో క్రమంగా పచ్చిక, ఆవులు, పాలు, చీజు. 1901లో ఏర్పడిన పాడిరైతుల సహకార సంఘం కోనో ఇవాళ బేమ్‌స్టర్ పేరుతోనే చీజు అమ్ముతోంది. ఆవులను గడ్డిలో మేపినందుకు రైతులకు అదనంగా చెల్లించే పద్ధతి దానిది.

మధ్యాహ్నానికి మిడెన్‌బేమ్‌స్టర్. రెండు పెద్ద రోడ్లు కలిసే కూడలి, మధ్యలో చర్చి. ఆమ్‌స్టర్‌డామ్ శిల్పి హెండ్రిక్ డి కైజర్ నమూనాతో 1618లో మొదలై 1623లో పూర్తయింది. అది ఇంకా కడుతుండగానే, 1622లో ఇక్కడి బడిపంతులు ఇంట్లో ఒక పిల్లవాడు పుట్టాడు. అతనే చిత్రకారుడు కారెల్ ఫాబ్రిషియస్. రెంబ్రాంట్ దగ్గర పని నేర్చుకున్నవాడు. గొలుసు కట్టిన చిన్న పిట్ట బొమ్మ, ‘గోల్డ్‌ఫించ్’, అతనిదే. 1654లో ఆ బొమ్మ వేసిన ఏడాదే డెల్ఫ్ట్ పట్నంలో మందుగుండు గిడ్డంగి పేలి చనిపోయాడు.

చర్చికి దగ్గర్లోనే పాత పాదిరీ ఇల్లు. ఇక్కడికి 1759లో 21 ఏళ్ల పెళ్లికూతురు వచ్చింది. వరుడు 52 ఏళ్ల పాదిరీ. ఆమె బేచ్యె వోల్ఫ్. ఆ నిశ్శబ్దపు ఊళ్లో పదిహేడు పద్దెనిమిదేళ్లు పుస్తకాలు చదువుతూ, పద్యాలూ వ్యంగ్యాలూ రాస్తూ, పెద్దలతో తగాదాలు పెట్టుకుంటూ గడిపింది. 1777లో భర్త పోయాక ఆఖ్యె డేకెన్ అనే రచయిత్రితో కలిసి ఉండటానికి వెళ్లింది. ఎక్కడికో కాదు, పొద్దున నడక మొదలైన డి రైప్‌కే. ఇద్దరూ కలిసి రాసిన ‘సారా బుర్గర్‌హార్ట్’ 1782లో అచ్చయింది. డచ్చి నవలా చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా దాన్ని దాటిపోలేరు. పాదిరీ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

భోజనానికి పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. మధ్యాహ్నం పూట డచ్చివాళ్లు తినేది రొట్టె, చీజు, ఒక గ్లాసు పాలు. గ్లాసులో మజ్జిగ కూడా ఉండవచ్చు. అక్కడ దుకాణాల్లో ‘కార్నెమెల్క్’ పేరుతో డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం మన చేత్తో మనం కలుపుకోవాల్సిందే. ఊళ్లో కాఫీ హోటల్ కనిపిస్తే ఆపిల్ తార్ట్ ముక్క వదిలిపెట్టకూడదు.

ఇంత దూరం నడిచినా ఒక్క గాలిమర కనపడలేదేమని ఎవరైనా అడగవచ్చు. బేమ్‌స్టర్‌ను ఎండగట్టిన మరల్లో ఒక్కటీ మిగల్లేదు. 19వ శతాబ్దం చివర్లో ఆవిరి పంపులు వచ్చాక వాటిని పీకేశారు. పోస్టుకార్డు మీది గాలిమరను వెతుక్కునేవాళ్లు పక్కనున్న స్కెర్మర్‌కు పోవాలి. 1635లో ఎండిన ఆ పోల్డర్‌లో 52 మరలు ఉండేవి, 11 నిలిచాయి. బేమ్‌స్టర్‌లో ఇప్పుడు పని చేసేది ఒక మామూలు ఇటుక గదిలో కూర్చున్న పంపు. నడిచేవారు దాని పక్కనుంచి పోతూ తల కూడా తిప్పరు. అది ఆగితే పొలాల్లోకి మళ్లీ నీళ్లు చేరడం మొదలవుతుంది. నీటి మట్టం చూడటానికి ఆ దేశంలో ప్రత్యేకంగా నీటి బోర్డులు ఉన్నాయి. 13వ శతాబ్దం నుంచీ ఉన్న ఏర్పాటు. ఇప్పుడు 21 మిగిలాయి. వాటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి, అవి విడిగా పన్ను వేస్తాయి. రాజు లేని కాలంలోనూ, పరాయి రాజు ఉన్న కాలంలోనూ ఈ బోర్డులు పని ఆపలేదు.

తోడిన నీళ్లను మళ్లీ లోపలికి వదలాలని కూడా ఒకప్పుడు ఆలోచించారు. 1880ల నుంచి 1920 దాకా ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ కోటల వలయం కట్టారు. శత్రువు వస్తే తూములెత్తి పొలాలను మోకాటి లోతు ముంచేయాలి. నడవడానికి ఎక్కువ, పడవ తేలడానికి తక్కువ. ఆ కోటల్లో కొన్ని బేమ్‌స్టర్ దక్షిణ భాగంలో గడ్డి కప్పుకుని ఉన్నాయి. కట్టడం పూర్తయ్యేసరికి విమానాలు వచ్చేశాయి.

తూర్పు గట్టు ఎక్కి అవతలికి దిగితే జేవాంగ్ అనే ప్రాంతం. పటం మారిపోతుంది. గీతలు వంకరపోతాయి, కాలువలు వాటి ఇష్టానికి తిరుగుతాయి, కాలి కింద నేల మెత్తగా పడుతుంది. ఇది సరస్సు అడుగు కాదు, సరస్సుకన్నా పాత నేల. పీట్ అంటారు. వేల ఏళ్లపాటు నాచూ రెల్లూ కుళ్లీ కుళ్లక పేరుకుపోయి తయారైనది. మధ్యయుగాల్లో రైతులు దీని మీద ధాన్యం వేయడానికి కాలువలు తవ్వి నీరు తీశారు. నీరు తీస్తే పీట్‌కు గాలి తగులుతుంది, గాలి తగిలితే కుళ్లి కుంగుతుంది. కుంగితే మళ్లీ చెమ్మ, చెమ్మ పోవడానికి ఇంకా లోతు కాలువ. ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున నేల కిందికి పోతోంది, కుళ్లిన పీట్ బొగ్గుపులుసు వాయువై ఆకాశంలోకి పోతోంది. నీటి మట్టం పెంచాలని ప్రభుత్వం అంటుంది, పెంచితే ట్రాక్టరు దిగబడుతుందని రైతు అంటాడు. ఇద్దరి మాటా నిజమే.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ గ్రుట్టో అనే పక్షి కనిపిస్తుంది. పొడవాటి ముక్కు, ఇటుక రంగు మెడ. 2015లో డచ్చి జనం ఓట్లు వేసి దాన్ని జాతీయ పక్షిగా ఎన్నుకున్నారు. చలికాలం పశ్చిమాఫ్రికాలో గడిపి మార్చిలో తిరిగివచ్చి గడ్డిలో గుడ్లు పెడుతుంది. రైతు తొందరపడి గడ్డి కోస్తే పిల్లలు యంత్రం కింద పడతాయి. అందుకని జూన్ సగం దాకా కోయకుండా ఉంచే రైతులకు పరిహారం ఇస్తారు. నడిచేవారికి సూచన ఒకటే. గూళ్లు పెట్టే కాలంలో కొన్ని పచ్చిక దారులు మూసేస్తారు, బోర్డు చూసి పక్క రోడ్డు పట్టాలి. దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. గుంజల మీద రంగు బాణాలు, కూడళ్ల దగ్గర అంకెలు ఉంటాయి.

ఏడమ్‌లోకి ప్రవేశిస్తే వీధి సన్నబడుతుంది. తెల్లటి ఎత్తుడు వంతెనలు, వంగిన ఇటుక ఇళ్లు, కూలగొట్టిన చర్చికి మిగిలిపోయిన గంటల గోపురం. 1778 నాటి కాటా ఇంటి ముందు జూలై, ఆగస్టు నెలల్లో బుధవారం చీజు సంత జరుపుతారు. తెల్లబట్టల హమాలీలు చెక్క తడికెల మీద గుండ్రటి చీజు ముద్దలు మోస్తారు, బేరగాళ్లు అరచేతులు చరుచుకుంటూ ధర తెగ్గొడతారు. అసలు సంత 1922లోనే ఆగిపోయింది, ఇప్పటిది యాత్రికుల కోసం ఆడే ఆట. చూడదగ్గదే గానీ, దాని కోసమే రోజు మార్చుకోనక్కర్లేదు.

దానికన్నా చూడాల్సింది పట్నం మధ్య వంతెన పక్కనున్న పాత ఇల్లు. 1530 ప్రాంతంలో కట్టినది, ఇప్పుడు ఏడమ్ మ్యూజియం. ఇరుకు మెట్లు దిగితే నేలమాళిగ. దాని అడుగూ గోడలూ కలిపి ఇటుకతో కట్టిన ఒకే పెట్టె. ఇంటి పునాదులకు అది అతుక్కుని లేదు, భూగర్భ జలం మీద తేలుతోంది. నీటిమట్టం పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. సముద్రం మీద నిద్రపోవడం అలవాటైన ఒక ఓడ కెప్టెను ఇంట్లోనూ ఆ ఊపు కావాలని కట్టించుకున్నాడని ఊళ్లో కథ చెబుతారు. కథ బాగుంది. అసలు కారణం ఇంజనీరుది. నేలకు బిగించి కడితే కింది నీటి ఒత్తిడికి గచ్చు పగిలిపోతుంది. అదే మ్యూజియంవారి దగ్గర ట్రైన్చ్యె కేవర్ బొమ్మ ఉంది. 1616లో పుట్టి 17వ ఏట చనిపోయిన అమ్మాయి. రెండున్నర మీటర్లకు పైగా ఎత్తు ఉండేదని చెబుతారు. సంతల్లో ఆమెను చూడటానికి జనం డబ్బిచ్చేవారు.

ఏడమ్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ వెనక వైపుకు బస్సులు సాయంత్రం పొద్దుపోయేదాకా ఉంటాయి, ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువ. డి రైప్‌కు పొద్దున వెళ్లే బస్సు మాత్రం ముందే చూసుకోవాలి, అవి అంత తరచుగా రావు. కాళ్లలో ఇంకా సత్తువ ఉన్నవాళ్లకు వోలెండమ్ రేవు మూడు కిలోమీటర్ల దూరమే. అక్కడ వేయించిన చేప బాగుంటుంది, జనమూ ఎక్కువే. ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే దాన్ని ఏడమ్ కాలువ ఒడ్డునే ఖర్చుపెట్టడం మేలు.